లెన్స్ వాలిపోతుంటే ముందు ట్రైపాడ్ హెడ్ సంగతి చూడండి

అన్నా, పులికాట్‌లో ఫ్లెమింగోలు తీస్తుంటే ట్రైపాడ్ మీది బాల్ హెడ్ (కెమెరాని ఎటైనా తిప్పి బిగించే గుండు) ఎంత బిగించినా 150-600 ఎంఎం జూమ్ లెన్స్ మెల్లగా కిందికి వాలిపోతోందని, గాలికి ఫొటోలు షేక్ అవుతున్నాయని రాశారు కదా. ఆ లెన్సే దాదాపు 2 కిలోలు ఉంటుంది, ఆపైన కెమెరా బాడీ బరువు.

ప్లేట్ (హెడ్‌లో కూర్చునే పలక) కెమెరా అడుగున బిగించారా, లెన్స్ కాలర్‌కా (లెన్స్ చుట్టూ ఉండే పట్టీకా)? కెమెరాకి బిగిస్తే బరువంతా ముందుకి వేలాడుతుంది, మంచి హెడ్ కూడా ఆగదు. కాలర్‌కి పొడవాటి ప్లేట్ వేసి, హెడ్ వదులుగా ఉంచి లెన్స్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. చెయ్యి తీసినా వాలకుండా నిలబడిన చోట బిగించండి.

పక్షులకి నన్నడిగితే గింబల్ హెడ్డే (లెన్స్‌ని ఉయ్యాలలా పట్టుకునే హెడ్). లాక్ చేయకుండానే లెన్స్ ఆగుతుంది, ఎగిరే పక్షి వెంట ఒంటి చేత్తో తిప్పొచ్చు. కానీ హెడ్డే కిలో పైన ఉంటుంది, మోయాలి మరి!

ట్రైపాడ్ కాళ్లకి మూడు సెక్షన్లవి (ఒకదాంట్లోంచి ఒకటి జారే గొట్టాలు మూడు ఉన్నవి) చూడండి. సెక్షన్లు పెరిగేకొద్దీ అడుగు గొట్టం సన్నబడిపోతుంది. మధ్య స్తంభం అస్సలు పైకి లేపొద్దు, ఊగేది అక్కడే. అది లేకుండానే కంటి ఎత్తుకి వచ్చేది కొనండి. బాక్స్ మీద రాసిన లోడ్ మీ సామాను బరువుకి రెండు మూడు రెట్లయినా ఉండాలి. కార్బన్ ఫైబర్ తేలిక, కానీ ఖరీదు. ఎక్కువ నడవకపోతే అల్యూమినియం చాలు.

అక్కడివి ఉప్పునీళ్లు కాబట్టి ఇంటికి రాగానే కాళ్ల లాకులు మంచినీళ్లతో కడిగి, తెరిచి ఆరబెట్టండి.