చెయ్యెత్తింది గాని, దేనికి ఎత్తిందో తెలియదు

"అందరికీ ఒకే ఓటు, ఒకే చట్టం ఉన్న ప్రజాస్వామ్యంలో అల్పసంఖ్యాక వర్గాలకు విడిగా సాంస్కృతిక హక్కులు ఇవ్వడం సమానత్వానికి విరుద్ధం కాదా?" అని మీరు అడిగారు. విరుద్ధం కాదు. నేను తమిళనాడులోని హోసూరు ప్రాంతపు తెలుగువాణ్ణి గనుక నిష్పక్షపాతంగా చెబుతున్నానని అనను. అయితే ఈ ప్రశ్న వేసేవారిలో ఎక్కువమంది, ప్రభుత్వం తమ ఇంటి భాషలోనే మాట్లాడే చోట పుట్టి పెరిగినవారే కావడం నేను చాలాకాలంగా గమనిస్తున్నాను.

2003 ఆగస్టు 15న మా ఊరిలో గ్రామసభ జరిగింది. అప్పటికి మాది ధర్మపురి జిల్లా. కృష్ణగిరి జిల్లా మరుసటి ఏడాది ఏర్పడింది. బడి ముందు రావిచెట్టు కింద బెంచీలు వేశారు. సభకు వచ్చినవారిలో ముప్పాతిక మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, మిగిలినవారిలో కొందరిది కన్నడం. పంచాయతీ కార్యదర్శి లేచి తీర్మానాలను తమిళంలో గబగబా చదివాడు. మా అవ్వకు సంతలో రాగులు బేరమాడేంత అరవం వచ్చు గాని, ఆయన చదివింది కాగితాల తమిళం. అందులో ఆమెకు తెలిసిన మాట "తీర్మానం" ఒక్కటే, అది మనకూ ఉన్న మాట కాబట్టి. "ఏమంటాడ్రా?" అని నన్ను అడిగింది. బెంగళూరులో చదువుకుంటూ సెలవుకు వచ్చిన నాకూ సగమే అర్థమైంది. పక్కవాళ్లు చేతులెత్తితే తానూ ఎత్తింది, రిజిస్టరులో వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకుంది.

నెల తిరగకముందే, మా వీధికి వస్తుందనుకున్న మంచినీటి ట్యాంకుకు చెరువు అవతల గుంతలు తవ్వడం మొదలైంది. అడగడానికి ఆఫీసుకు వెళ్లిన అవ్వకు రిజిస్టరు తెరిచి ఆమె వేలిముద్రనే చూపించారు. "నేనే ఒప్పుకున్నానంట" అని ఇంటికొచ్చి, రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

కార్యదర్శి మోసం చేశాడని నేను అనను. ప్రభుత్వ భాషలో ఉన్నదాన్ని ప్రభుత్వ భాషలోనే చదివాడు. అవ్వకు ఓటుంది, సభలో చోటుంది, చెయ్యెత్తే హక్కుంది, కాగితం మీద అందరితో సమానంగానే ఉంది. లేనిదల్లా, తాను దేనికి ఒప్పుకుంటున్నదో తెలుసుకునే వీలు. కెనడా తత్వవేత్త విల్ కిమ్లికా 1995 నాటి తన గ్రంథంలో చెప్పిన ముఖ్యమైన మాట ఇక్కడ నాకు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది: ప్రభుత్వం ఏ మతాన్నీ తనదిగా చేసుకోకుండా ఉండగలదు గాని, ఏ భాషా లేకుండా ఉండలేదు. బడిలో, కోర్టులో, పంచాయతీలో ఏదో ఒక భాషను ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే ఒకరికి సహాయం చేసి మరొకరిని వెనక్కి నెట్టినట్టవుతుంది. అందుచేత అల్పసంఖ్యాకుల భాషా హక్కును అదనపు వరంగా లెక్కించడం తప్పని, అధికసంఖ్యాకులకు అడగకుండానే అందుతున్న దానిలో అది ఒక వాటా మాత్రమేనని నా వాదన.

వ్యక్తి స్వేచ్ఛకే పెద్దపీట వేసే ఉదారవాదులందరూ ఇలా అనుకోలేదు. ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టువార్ట్ మిల్ 1861లోనే, ఒకే భాషలో చదివి మాట్లాడుకోని ప్రజల మధ్య ప్రాతినిధ్య ప్రభుత్వానికి కావలసిన ఉమ్మడి ప్రజాభిప్రాయం ఏర్పడదని రాశాడు. రోగాన్ని బాగానే గుర్తించాడు గాని, చిన్న జాతులు పెద్ద జాతిలో కలిసిపోవడమే మేలన్నట్టు మందు రాశాడు. 2001లో బ్రిటిష్ రాజనీతి తత్వవేత్త బ్రయన్ బ్యారీ కూడా అందరికీ ఒకే రకమైన చట్టం చాలునని గట్టిగా వాదించాడు. వారెవరూ గ్రామసభలో మా అవ్వ పక్కన కూర్చోలేదు.

మన రాజ్యాంగం ఈ విషయంలో కిమ్లికా గ్రంథం కంటే చాలా ముందే మేలుకుంది. అల్పసంఖ్యాకులు తమ భాషను, సంస్కృతిని కాపాడుకోవడానికి, సొంత విద్యాసంస్థలు పెట్టుకోవడానికి హక్కునిచ్చే 29, 30 అధికరణాలు మొదటి నుంచీ ఉన్నాయి. 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన 350ఏ, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమని రాష్ట్రాలను కోరుతుంది. అదే ఏడాది కేంద్రం సిద్ధం చేసిన పత్రం, ఒక ప్రాంతంలో భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోనూ వెలువరించాలన్నది. ముప్పాతిక మంది ఉన్న మా ఊరికి ఆ కాగితం దారి తప్పి కూడా రాలేదు. పైగా 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చి, మా పిల్లల చదువులో తమిళం తప్పనిసరి మొదటి భాగమై, తెలుగు ఐచ్ఛికంగా చివరికి చేరింది. తమిళం నేర్చుకోవద్దని నేనెప్పుడూ అనలేదు; అవ్వకు వచ్చి ఉంటే ట్యాంకు మా వీధిలోనే ఉండేది. ఒకటి నేర్పడానికి మరొకదాన్ని మూలకు నెట్టనవసరం లేదన్నదే నా గోడు.

ఇది చదివి తమిళులను తిట్టడానికి సిద్ధపడే హైదరాబాదు మిత్రులకు ఒక మాట. 2018లో తెలంగాణ కూడా బడులలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఆదిలాబాదులో గోండి, భద్రాచలం వైపు కోయ మాట్లాడే అవ్వల ముందు తీర్మానాలు చదువుతున్నది మన భాషలోనే. మా తెలుగు వినగానే "అరవ యాస" అని నవ్వేవారు, మా పిల్లల పాఠ్యపుస్తకాల గురించి ఒక్కసారైనా ఆరా తీసినట్టు నాకు తెలియదు.

సంస్కృతి పేరుతో జరిగే ప్రతిదానికీ రక్షణ ఉండాలని కూడా నేను అనడం లేదు. మా కులపెద్దలు "మన ఆచారం" అంటూ మా అక్క చదువును ఎనిమిదో తరగతితో ఆపించారు. బయటి ఒత్తిడి నుంచి సమూహాన్ని కాపాడే హక్కు వేరు, సమూహం తన లోపలివారిని అణచే హక్కు వేరు. కిమ్లికా మొదటిదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని కాదన్నాడు. అక్కను తలచుకుంటే నేనూ అంతే.

ఇక మా ఊరిలో 2004 జనవరి 26 సభకు కొత్త కార్యదర్శి వచ్చాడు. ఆయన తమిళుడే అయినా బడి పంతులుగారిని పక్కన నిలబెట్టుకుని, ఒక్కో తీర్మానాన్నీ తెలుగులో చెప్పించాడు. మూడోదానికి అవ్వ అడ్డం తిరిగింది, ఆమె వెనుక మరో పది మంది లేచారు. సభ గంటన్నర ఆలస్యంగా ముగిసింది.