మయోగ్లోబిన్ గురించి రాస్తున్న యువ రచయితకు

ప్రియమైన యువ మిత్రమా,

కండరాల్లో ఆక్సిజన్‌ను నిల్వ ఉంచే ప్రోటీన్ అయిన మయోగ్లోబిన్ మీద మీరు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. విషయం పట్ల మీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపించింది. అయితే "ప్రయోగశాలలో సీసాలో ఉండే ఈ ప్రోటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. సజీవమైన కండరంలో ఉన్న మయోగ్లోబిన్‌కు చెల్లే మాటను మీరు సీసాలోని పొడికి అంటగట్టారు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే మీ వ్యాసానికి ప్రాణం కావాలని నా అభిప్రాయం.

గుర్రం గుండె కండరం నుంచి వేరుచేసి, శుద్ధి చేసి, ఆరబెట్టిన మయోగ్లోబిన్ సాధారణంగా గోధుమ రంగులో ఉంటుంది. ఈ ప్రోటీన్‌లో ఆక్సిజన్‌ను పట్టుకునే హీమ్ అనే భాగం నడుమ ఉన్న ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి, ఫెర్రస్ స్థితి నుంచి ఫెర్రిక్ స్థితికి చేరడమే అందుకు కారణం. మెట్‌మయోగ్లోబిన్ అని పిలిచే ఈ రూపంలో, ఆక్సిజన్ చేరవలసిన చోటును నీటి అణువు ఆక్రమించుకుంటుంది కనుక అది ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. పరిశోధకులు సోడియం డైథయోనైట్ కలిపి ఇనుమును మళ్లీ ఫెర్రస్ స్థితికి తెచ్చి, ఆ రసాయనాన్ని కాలమ్ అనే వేరుచేసే గొట్టం ద్వారా తొలగించి, ద్రావణానికి ఆక్సిజన్ అందించిన తరువాతే అది ఎర్రబారుతుంది. ఈ మార్పును కంటితోనే కాక స్పెక్ట్రోఫోటోమీటర్‌తోనూ నిర్ధారించుకుంటారు: కాంతిని అత్యధికంగా గ్రహించే తరంగదైర్ఘ్యం మెట్ రూపంలో సుమారు 409 నానోమీటర్లు, ఆక్సిజన్ లేని ఫెర్రస్ రూపంలో 434, ఆక్సిజన్ చేరిన రూపంలో 418. ఏ రూపం గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండా "మయోగ్లోబిన్" అని మాత్రమే రాస్తే, ఈ శ్రమంతా పాఠకుడికి కనిపించకుండా పోతుంది.

ఏ జంతువుదో కూడా చెప్పాలి. ఈ ప్రోటీన్ నిర్మాణాన్ని తెలుసుకోవడానికి శాస్త్రవేత్త జాన్ కెండ్రూ కేంబ్రిడ్జిలో మొదట గుర్రపు మయోగ్లోబిన్‌తో ప్రయత్నించి, తగినంత పెద్ద స్ఫటికాలు దొరకక, స్పెర్మ్ తిమింగలం కండరం వైపు మళ్లారు. చాలాసేపు నీటి అడుగున ఊపిరి బిగబట్టి ఉండే జంతువు కావడంతో దాని కండరాల్లో ఈ ప్రోటీన్ సమృద్ధిగా ఉంటుంది. 1958లో ప్రచురితమైన ఆ త్రిమితీయ నిర్మాణం ప్రపంచం చూసిన మొట్టమొదటి ప్రోటీన్ నిర్మాణం. 1962లో మాక్స్ పెరూట్జ్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు. గుర్రానిదైనా తిమింగలానిదైనా గొలుసులో 153 అమైనో ఆమ్లాలే ఉన్నప్పటికీ, వాటి వరుస ఒకటి కాదు. అణువుల ద్రవ్యరాశిని డాల్టన్లలో కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌ను సరిచూసుకోవడానికి వాడే 16,951 డాల్టన్ల విలువ హీమ్ తీసేసిన గుర్రపు ప్రోటీన్‌ది. మీరు దాన్ని తిమింగలం పేరాలో పెట్టారు, దయచేసి మార్చండి.

హిమోగ్లోబిన్‌తో మీరు చేసిన పోలిక బాగుంది. మయోగ్లోబిన్‌లో సగం భాగం ఆక్సిజన్‌తో నిండడానికి రెండు మూడు మిల్లీమీటర్ల పాదరస పీడనం చాలు, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు సుమారు 27 కావాలి. ఆ పేరాను ముట్టుకోకండి.

చివరి భాగంలో మాత్రం "ఇది లేకపోతే ప్రాణి బతకదు" అని తేల్చేశారు. 1998లో మయోగ్లోబిన్ జన్యువును తొలగించిన ఎలుకలు బతికాయి, వ్యాయామమూ చేయగలిగాయి. గుండెకు రక్తప్రవాహం పెరగడం, సూక్ష్మ రక్తనాళాలు దట్టం కావడం వంటి మార్పులతో వాటి దేహం ఆ లోటును పూడ్చుకుందని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. మీ వాక్యం కన్నా ఈ వాస్తవం ఎంతో ఆసక్తికరం. దాన్ని చేర్చి, సీసాలోని గోధుమ రంగు పొడితోనే వ్యాసాన్ని మొదలుపెట్టి, తిరిగి రాసిన ప్రతిని నాకు పంపండి. చదవడానికి ఎదురుచూస్తుంటాను.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి