బిళ్ల పక్కన బిళ్ల: ఊహాలోకానికి మొజాయిక్ పటం

ప్రశ్న: నేను రాస్తున్న జానపద నవల కోసం ఒక దీవి పటం గీశాను. చిన్న చిన్న రంగు బిళ్లలు పేర్చి చేసే పాతకాలపు మొజాయిక్‌లా కనిపించాలని ఫొటోషాప్‌లో క్రిస్టలైజ్ ఫిల్టర్ వేశాను, తర్వాత మొజాయిక్ టైల్స్ ఫిల్టర్ కూడా వేసి చూశాను. రెండుసార్లూ బాత్‌రూమ్ కిటికీ అద్దంలోంచి చూసినట్టే ఉంది. తప్పెక్కడ జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ తీరరేఖ ఎక్కడుందో ఫిల్టర్‌కు తెలియదమ్మా. క్రిస్టలైజ్ బొమ్మను తనకు తోచినట్టు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒకే రంగు పూసేస్తుంది. ఒడ్డు, నీళ్లు ఒకే ముక్కలో పడ్డచోట అంచు చెదిరిపోతుంది. మొజాయిక్ టైల్స్ అయితే బొమ్మలో ఏముందో చూడకుండా పైన గళ్లు గీసేస్తుంది. అసలు పనివాళ్లు ముందు తీరం వెంబడి ఒక వరస పేరుస్తారు, దాన్ని ఆనుకుని ఇంకో వరస, ఆపైన మిగిలిన ఖాళీ నింపుతారు. మన కన్ను పట్టుకునేది ఆ వరసల నడకనే. పాత ఇళ్లలో మొజాయిక్ గచ్చు అంటాం గానీ, అది సిమెంటులో రాతి ముక్కలు కలిపి పాలిష్ పట్టింది. దాన్ని నమూనాగా పెట్టుకోవద్దు. ఒకసారి పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్లి గోడలు దగ్గరగా చూడండి. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ పనిలో రంగు పెంకుల్ని నగిషీ ఆకారానికి తగ్గట్టు కోసి పొదిగారు.

ఇక చేసే పద్ధతి. ఖర్చు లేకుండా దొరికే క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలు. ఏ3 కాగితం, 300 డీపీఐ అంటే 3508×4961 పిక్సెళ్లు. బిళ్ల 36 పిక్సెళ్లు (సుమారు 3 మిల్లీమీటర్లు), సందు 6 పిక్సెళ్లు (అర మిల్లీమీటరు) పెట్టుకోండి. కాగితం నిండా దాదాపు 10 వేల బిళ్లలు పడతాయి. ఒక్కొక్కటీ గీయలేం కాబట్టి బ్రష్‌నే బిళ్లగా మార్చాలి. మూలలు కొద్దిగా విరిగినట్టున్న చతురస్రం గీసి బ్రష్ టిప్‌గా దాచుకోండి. స్పేసింగ్‌లో (బిళ్లకు బిళ్లకు మధ్య దూరం) ఆటో తీసేసి 1.17 ఇవ్వండి (బిళ్ల, సందు కలిపి 42, దాన్ని 36తో భాగిస్తే వచ్చేది అదే). సైజ్, ఒపాసిటీలకు పెన్ ప్రెషర్ తీసేయాలి. రొటేషన్‌కు డ్రాయింగ్ యాంగిల్ తగిలిస్తే బిళ్ల గీత వంపుతోపాటే తిరుగుతుంది. హ్యూకి (రంగు ఛాయ) 3 శాతం, వాల్యూకి (వెలుగు) 10 శాతం ఫజీ డాబ్, అంటే బిళ్ల బిళ్లకూ యాదృచ్ఛికంగా వచ్చే తేడా, ఇస్తే ఏ రెండు బిళ్లలూ అచ్చంగా ఒకే రంగులో రావు. ఇది మానేశారంటే మిగతాదంతా కుదిరినా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

అన్నిటికంటే కింది లేయర్‌లో గ్రౌట్ (బిళ్లల సందుల్లో నింపే పూత) రంగు నింపండి. దీవిని సెలెక్ట్ చేసి, గ్రో సెలెక్షన్‌తో మొదట 21 పిక్సెళ్లు పెంచి, ఆ అంచున వేరే లేయర్‌లో సన్నని గీత గీయండి. ఆ తర్వాత ప్రతిసారీ 42 పెంచండి. ఒక్కో గీత ఒక్కో వరసకు నడిమి గీత అవుతుంది. వాటి మీదుగా, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ పెట్టి నిదానంగా బ్రష్ లాగండి. ఇలా మూడు వరసలు చాలు. మిగతా సముద్రాన్ని అడ్డ వరసలతో నింపి, తీరపు వరసలను తాకేచోట బిళ్లలను ఎరేజర్‌తో కోసి 6 పిక్సెళ్ల సందు వదలండి. నేల వైపు కూడా ఇదే పద్ధతి, గ్రో బదులు ష్రింక్.

రెండు చోట్ల చెడుతుంది. గీత మొదట్లో బ్రష్‌కు దిశ ఇంకా తెలియదు గనుక మొదటి బిళ్ల వంకరగా పడొచ్చు. దాన్ని చెరిపి చేత్తో పెట్టండి. రెండోది, వంపు మరీ బిగువైతే లోపలి మూలలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఈ కొలతల్లో వంపు వ్యాసార్ధం 126 పిక్సెళ్లు, అంటే మూడున్నర బిళ్లలు, తగ్గిందంటే లోపలివైపు సందు మాయమైపోతుంది. అక్కడ 18 పిక్సెళ్ల బిళ్ల, 1.33 స్పేసింగ్ వాడితే 36 పిక్సెళ్ల వంపు దాకా లాగొచ్చు. చిన్న చిన్న అఖాతాలన్నీ ఉంచాలన్న పట్టుదల మాత్రం వదిలేయండి, తీరం సాఫీగా ఉంటేనే మొజాయిక్‌కు అందం.

ప్రశ్న: నదులు, ఊళ్ల పేర్లు కూడా బిళ్లలతోనే వేయొచ్చా? తెలుగులో రాస్తే చదవడానికి వస్తుందా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తప్పకుండా వేయొచ్చు. జోర్డాన్‌లోని మాదబాలో 6వ శతాబ్దం నాటి చర్చి నేల మీద పవిత్రభూమి పటం ఉంది. ఊళ్ల పేర్లన్నీ గ్రీకు లిపిలో బిళ్లలతోనే పేర్చారు. తూర్పు దిక్కు పైన ఉంటుంది. జోర్డాన్ నదిలో ఒక చేప మృత సముద్రపు ఉప్పునీళ్లు తగలకుండా వెనక్కి తిరిగి ఈదుతుంటుంది. నీళ్లు ఉప్పన అని అక్కడ వేరే రాయనక్కర్లేదు. మీ పటంలోనూ ఇలాంటిది ఒక్కటైనా పెట్టండి. నదికి బిళ్లలు పొడవునా, ప్రవాహం నడిచే దారినే వేయాలి: పుట్టుక దగ్గర ఒక వరస, సముద్రం దగ్గరికి వచ్చేసరికి మూడు.

తెలుగుతో చిక్కు ఎత్తు దగ్గర వస్తుంది. 18 పిక్సెళ్ల బిళ్లలతో అక్షరానికి 8, పైన గుడి, ఓత్వాలకు 3, కింద వత్తుకు 4 కావాలి. మొత్తం 15 బిళ్లలు, సందులతో కలిపి కాగితం మీద 3 సెంటీమీటర్లు. ‘స్ఫటికగిరి’కి అంత చోటు పడుతుంది. ‘నీలకోన’కు వత్తు లేదు కనుక 11 బిళ్లలతో సరిపోతుంది. లోకం మీదే కదా, పేర్లు పెట్టేటప్పుడే ఈ లెక్క చూసుకోండి. ‘కొ’, ‘కో’ల తేడా కొసన పైకి తిరిగే ఒకటి రెండు బిళ్లల్లోనే ఉంటుంది. దూరం నుంచి చూసి అది తెలియకపోతే అక్షరాన్నే పెద్దది చేయండి. పేరు ముందు పేర్చాలి, దాని చుట్టూ ఒక వరస తిప్పాలి, నేల ఆ తర్వాత నింపాలి. నింపిన నేల మీద అక్షరాలు అతికిస్తే ఎప్పుడూ అతికించినట్టే కనబడతాయి.

ప్రశ్న: స్క్రీన్ మీద మెరిసిపోతున్న పటం అచ్చు వేయిస్తే నల్లబడి, చర్చి కిటికీ రంగుటద్దంలా వచ్చింది. ట్యాబ్ కూడా బాగా నెమ్మదిస్తోంది.
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: మీ గ్రౌట్ నలుపై ఉండాలి. కాగితం మీద సిరా కొంత పాకుతుంది, నల్ల సందు పక్కనున్న లేత బిళ్లలను మింగేస్తుంది. బూడిద కలిసిన ఇసుక రంగు పెట్టండి. స్క్రీన్ మీది నిగనిగలాడే నీలాన్ని అచ్చు సిరాలు పట్టలేవు. పని మొదలుపెట్టే ముందే సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాలు) ప్రివ్యూలో చూసుకుని రంగులు ఎంచుకోండి. పటం మొత్తం ఇచ్చే ముందు 10 సెంటీమీటర్ల ముక్క ఒకటి అదే కాగితం మీద వేయించి, పగటి వెలుతురులో చూడండి.

ట్యాబ్ సంగతి: ఏ3లో నిండా రంగున్న ఒక్కో 8 బిట్ లేయర్ దాదాపు 70 ఎంబీ మెమొరీ తింటుంది, 16 బిట్ అయితే రెట్టింపు. ఆరేడు లేయర్లు దాటనివ్వకండి. బెవెల్ (అంచులు ఉబ్బినట్టు చూపేది) వంటి లేయర్ స్టైల్స్ చివర్లోనే వేయండి, అదీ 2 పిక్సెళ్లు, వెలుగు ఒకే మూల నుంచి. బంగారు బిళ్లలకు మాత్రం వాల్యూ తేడా 25 శాతం దాకా పెంచండి. అసలు బంగారు బిళ్లలను కొద్దికొద్దిగా వాల్చి పొదుగుతారు, అందుకే ఒకటి మెరుస్తుంటే పక్కది చీకట్లో ఉంటుంది.