బుజ్జిగాడికి పాలు పడట్లేదేమోనని అడిగావు కదా

తల్లీ,

రాత్రి నువ్వు పంపిన డైపర్ ఫోటో చూశాను, విరేచనంలో రక్తం చారలు. పాల ఎలర్జీ ఏమోనని నాకూ అనుమానం. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది సగం మర్చిపోతాను, అందుకని రాస్తున్నాను. మీ ఆయనకీ, ముఖ్యంగా మీ అత్తగారికీ చదివి వినిపించు.

వాడు బాగానే తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, జ్వరం లేదు అన్నావు కాబట్టి ఇంత తీరిగ్గా రాస్తున్నాను. ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, రక్తం చారల్లా కాక జెల్లీలా పడినా, పాలు పట్టకుండా మత్తుగా పడి ఉన్నా ఈ ఉత్తరం పక్కన పడేసి ఆసుపత్రికి వెళ్ళిపో. పాలు తాగిన కాసేపటికే, మహా అయితే రెండు గంటల్లోపు, ఒంటి మీద దద్దుర్లు వచ్చి పెదాలు వాస్తే అది ఇంకో రకం ఎలర్జీ, ఆరోజే డాక్టర్‌కి చూపించాలి. ఊపిరి అందకపోయినా, పిల్లాడు వాలిపోయినా 108కి ఫోన్ చెయ్యడమే.

మన భాషలోనే తమాషా ఉంది చూడు. బాలింతకి పాలు పడ్డాయా అంటాం, పిల్లాడికి పాలు పడ్డాయా అనీ అంటాం. నీకు పడ్డాయి, వాడికి పడట్లేదేమో. అయితే పడనివి నీ పాలు కావు, నువ్వు తాగే గేదె పాలు. వాటిలోని ప్రోటీన్ కొంచెం నీ పాలలోకి వస్తుంది, దాన్ని వాడి ఒళ్ళు శత్రువనుకుంటుంది. కాబట్టి నీ పాలు మాన్పించమని ఎవరు చెప్పినా వినకు.

మా మనవడికి రెండో నెలలో ఇదే జరిగింది. పసుపుపచ్చ విరేచనంలో జిగురు, ఆ జిగురులో ఎర్ర దారప్పోగుల్లాంటి చారలు. నేను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాను. మొదట చూసిన డాక్టర్ లాక్టోజ్ లేని పాలపొడి రాశారు, రెండు వారాలు పట్టాం, చారలు అలాగే ఉన్నాయి. తర్వాత ఇంకో పిల్లల డాక్టరమ్మ చెప్తే తెలిసింది, లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర, ఎలర్జీ వచ్చేది ప్రోటీన్‌కి, చక్కెర తీసేసిన ఆ పొడిలో ప్రోటీన్ అంతా అలాగే ఉందని! ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను.

ఆవిడ ముందు మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉందేమో చూశారు, దానివల్లా రక్తం పడుతుందట. నువ్వూ అది చూపించాకే మొదలుపెట్టు. ఇలా నెమ్మదిగా బయటపడే రకానికి రక్తపరీక్షలో ఏమీ తేలదు, డబ్బు దండగ. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు పూర్తిగా మానేసి చూడటమే పరీక్ష.

పూర్తిగా అంటే టీలో పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, కోవా అన్నీ. పెరుగు తోడుకున్నంత మాత్రాన ప్రోటీన్ ఎక్కడికీ పోదు. ఇక నెయ్యి. మా ఇంట్లో మునిగింది అక్కడే. బాలింత, పథ్యం అన్నంలో నెయ్యి లేకపోతే ఎలా అని మా వియ్యపురాలు రోజూ పప్పులో గరిటెడు కలిపేసేవారు, చెప్పకుండా, ప్రేమతోనే. పది రోజులయ్యాక వంటింట్లో నెయ్యి గిన్నె ఖాళీ అవుతోందేంటని చూస్తే తెలిసింది, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క! నెయ్యిలో ప్రోటీన్ ఉండేది కాస్తే, కానీ పరీక్ష చేసేటప్పుడు ఆ కాస్త కూడా వద్దు. తిరుపతి లడ్డూ ప్రసాదం వస్తే కళ్ళకద్దుకుని మీ ఆయన నోట్లో పెట్టు. బిస్కెట్, బ్రెడ్, చాక్లెట్ ప్యాకెట్ల వెనక చదువు. మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్ అని ఉంటే అన్నీ పాలే.

పాలు తాగకపోతే పాలు పడవంటారు, నమ్మకు. నీళ్ళు, తిండి, పిల్లాడు తాగడం, వీటివల్లే పడతాయి. కాకపోతే కాల్షియం చూసుకోవాలి, పాలిచ్చే తల్లికి రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల పైనే కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, పొద్దున జావ తాగు, నువ్వుల పొడి, మునగాకు, చిన్న చేపలు తిను, అయినా చాలదు కాబట్టి డాక్టర్‌ని అడిగి బిళ్ళలు వేసుకో.

మేక పాలు పట్టమని ఎవరో ఒకరు అంటారు. ఆవు, గేదె పాలు పడనివాళ్ళలో చాలామందికి మేక పాలూ పడవు. వీధిలో గాడిదని తోలుకొచ్చి ఉగ్గుగిన్నెడు పిండి ఇస్తారే, ఆ పచ్చి పాలు అసలే వద్దు, ఎన్ని క్రిములుంటాయో. నీ పాలు చాలక పైపాలు తప్పకపోతే, ప్రోటీన్‌ని బాగా ముక్కలు చేసిన ప్రత్యేకమైన పొడి ఉంటుంది, ఖరీదెక్కువ, డాక్టర్ రాస్తేనే కొను.

ఇక అందరూ ఎగ్గొట్టేది ఒకటుంది. చారలు తగ్గాక, డాక్టర్ సరేనంటే, నువ్వు మళ్ళీ పాలు తాగి చూడాలి. తగ్గింది కదా ఎందుకులే అనిపిస్తుంది, మా అమ్మాయి కూడా ఏడ్చింది. కానీ వాటంతటవే తగ్గేవి ఎన్నో ఉంటాయి, ఊరికే నెలల తరబడి నువ్వు పెరుగన్నం లేకుండా బతకడం ఎందుకు? మా అమ్మాయి గ్లాసుడు పాలు తాగి పెరుగన్నం తింది, మూడో రోజుకి చారలు మళ్ళీ వచ్చాయి. అప్పుడు అనుమానం పోయి నిజం అయింది. దద్దుర్లు, వాపు వచ్చే రకానికి మాత్రం ఇది ఇంట్లో చేసే పని కాదు, ఆసుపత్రిలోనే.

అన్నప్రాశన గురించి ఇప్పుడే బెంగ వద్దు. మా వాడికి కొబ్బరిపాలతో పరమాన్నం చేశాం, నాలుకకి రాయడమే కదా, పంతులుగారు కూడా ఏమీ అనలేదు. అంగట్లో కొనే ఉగ్గు డబ్బాల్లో మాత్రం తరచూ పాలపొడి ఉంటుంది, చూసి కొను. ఏడాది దాటాక డాక్టరమ్మ చెప్తే పాలు కలిపి కాల్చిన బిస్కెట్ ముక్కతో మొదలుపెట్టి నెలల మీద నెమ్మదిగా పెంచాం. చాలామంది పిల్లలకి మూడు నుంచి ఐదేళ్ళలోపు పోతుంది. మా వాడు ఇప్పుడు గడ్డపెరుగు గిన్నె నాకి పెడుతున్నాడు.

ఈ రోజు నుంచి ఒక నోట్‌బుక్‌లో నువ్వేం తిన్నావు, వాడు ఎన్నిసార్లు వెళ్ళాడు, ఎలా ఉంది అన్నది రాసిపెట్టు, డాక్టర్‌కి నీ కన్నీళ్ళకంటే అదే పనికొస్తుంది. ఆదివారం వస్తున్నాను, నువ్వుల పొడి కొట్టి తెస్తాను. నెయ్యి లేకుండా సున్నుండలు అడగకు, అది మాత్రం నావల్ల కాదు.

మీ పెద్దమ్మ