రొమ్ము క్యాన్సర్ వచ్చిన మా అక్కకు వరంగల్ వైపు తోటి పేషెంట్ల గ్రూపు ఏదైనా దొరుకుతుందా? దానివల్ల నిజంగా లాభం ఉందా?

మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. "డాక్టర్లు అన్నీ చెప్తున్నారు, ఇంట్లో అందరం పక్కనే ఉన్నాం, అయినా అక్క ఎవరితోనూ మాట్లాడటం లేదు" అని రాశారు. మాట్లాడదండీ. పక్కనున్న వాళ్లంతా ఆమె గురించి భయపడుతున్న వాళ్లే. తన భయం బయటపెడితే వాళ్లు ఇంకా బెంబేలెత్తిపోతారని నోరు కట్టేసుకుంటుంది. నేను హనుమకొండలో ఉంటాను. ఎడమ రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ అయిపోయి ఇప్పుడు రోజుకో మాత్ర వేసుకుంటూ ఉద్యోగానికి పోతున్నాను. లాభం ఉందా అంటే, ఉంది. మందుల తర్వాత నన్ను నిలబెట్టింది అదే.

ఆపరేషన్ కుట్లు మానాక నాకు రాత్రీ పగలూ ఒకటే దిగులు, జాకెట్టు. ఒక వైపు ఖాళీ. కొంగు ఎంత లాక్కున్నా తెలిసిపోతుందేమోనని టెన్షన్. చేతిరుమాళ్లు మడిచి పెట్టుకుంటే నాలుగడుగులు వేసేసరికి మెడ దాకా ఎక్కి కూర్చునేవి. లోపల పెట్టుకునే సిలికాన్ రొమ్ములు దొరుకుతాయని ఆసుపత్రిలో చెప్పారు గానీ ధర వేలల్లో ఉంది, పైగా మన ఎండలకు లోపల చెమట. ఆఫీసులో ఫైలు గుండెలకు హత్తుకుని తిరగడం అలవాటు చేసుకున్నాను.

కీమో కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు డే కేర్ హాల్లో నా పక్క కుర్చీలో పరకాల అక్క ఒకామె కూర్చుంది. ఊళ్లో జాకెట్లు కుడుతుంది. ఆమెకు ఆపరేషన్ ముందే అయిపోయింది, ఇంకా సూదులకు వస్తోంది. నన్ను కాసేపు చూసి, "ఏంది చెల్లె, ఇంత ఎండల శాలువ కప్పుకున్నవ్?" అంది. చలిగా ఉందన్నాను. "నాకు గూడ పోయినేడు గిట్లనే చలి పెట్టింది" అని నవ్వింది. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. సెలైన్ అయిపోయాక చెయ్యి పట్టుకుని బాత్‌రూమ్‌కు తీసుకుపోయి, గడియ పెట్టి కొంగు తీసేసింది.

జాకెట్టు లోపల లైనింగ్‌కు ఒక జేబు కుట్టి ఉంది. అందులోంచి సంచి తీసి నా చేతిలో పెట్టింది. పాత నూలు చీర గుడ్డ రెండు పొరలు, లోపల దూది, అడుగున విడిగా చిన్న మూటలో ఆవాలు. ఆవాలెందుకని అడిగాను. "బరువు లేకుంటే పైకెక్కుతది. రెండు దిక్కుల ఒక్కతీరు బరువు లేకుంటే భుజం వంగుతది, నడుం గుంజుతది. ఉతికేటప్పుడు ఆవాలు తీసి పక్కకు పెట్టు, లేకుంటే మొలకలొస్తయ్." తర్వాత తన ఒంటి మీది గీత చూపించింది. అద్దంలో నా గీత చూసుకోవడమే అప్పటిదాకా మానేశాను. ఆమెది మానిపోయి సన్నగా, తెల్లగా, అక్కడ ఎప్పట్నుంచో ఉన్నట్టుంది. ఆ ఇరుకు బాత్‌రూమ్‌లో నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొలత టేపు తీసి నా కొలతలు రాసుకుంది. తర్వాతి కీమోకు నా సంచి కుట్టి తెచ్చింది.

ఎడమ చెయ్యి బీపీకి, సూదికి ఇవ్వొద్దని డిశ్చార్జ్ కాగితంలో రాశారు. చంకలో లింఫ్ గ్రంథులు తీశాక ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది మంచి మాటే. కానీ గోడ మీద వేళ్లను కొంచెం కొంచెం పైకి పాకించే వ్యాయామం ఎంత నొప్పి దాకా చెయ్యాలి, ఎక్కడ ఆపాలి అన్నది నాతో పాటు గోడ దగ్గర నిలబడి చూపించింది ఆమే. మా ఆయన చాలా మంచివారు, ప్రతి కీమోకూ సెలవు పెట్టి వచ్చారు. అయినా ఆవాల మూట ఆలోచన ఆయనకు ఎలా వస్తుంది?

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో టెరెస్ లాసర్ అనే ఆమె తన రొమ్ము తీసేశాక, 1952 నుంచి, అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్ల మంచాల దగ్గరికి స్వయంగా వెళ్లడం మొదలుపెట్టింది. చేతి వ్యాయామాలు చూపించేది, జాకెట్టు లోపల పెట్టుకునేది ఇచ్చేది. 'రీచ్ టు రికవరీ' అని పేరు పెట్టింది. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దాన్ని తన కార్యక్రమంగా తీసుకుంది. ఆ సంగతి తెలియకుండానే మా పరకాల అక్క అదే పని చేసింది. ప్రతి కీమో హాల్లో ఇలాంటి మనిషికి ఒక కుర్చీ వేసి, బస్సు ఖర్చులిచ్చి, నెలకు ఇంత అని జీతం కూడా ఇవ్వాలి. మధ్యలో ట్రీట్‌మెంట్ మానేసేవాళ్లలో సగం మంది మాట్లాడే మనిషి లేకే మానేస్తారని నా గట్టి నమ్మకం.

పరామర్శకు వచ్చేవాళ్ల గురించి కూడా చెప్పాలి. నా మంచం పక్కన కూర్చుని, తమకు తెలిసిన ఫలానా ఆమెకు ఇదే జబ్బు వచ్చి ఎలా పోయిందో పూసగుచ్చినట్టు చెప్పిన బంధువులున్నారు. ఒకామె నేను తాగిన గ్లాసు పక్కన పెట్టించింది. ఇది అంటుకునే జబ్బు కాదని చదువుకున్న ఇళ్లలో కూడా చెప్పాల్సి వస్తోంది! ఇంకొకాయన లక్ష్మణ ఫలం తింటే కీమో అక్కర్లేదని వాట్సాప్‌లో రోజూ పంపేవాడు. మీ అక్క ఇంటికి అలాంటివాళ్లు వస్తే గుమ్మంలోనే ఆపండి. మర్యాద తక్కువైనా ఫర్వాలేదు.

ఇక ఎక్కడ దొరుకుతారు అన్నది. పేరు, బోర్డు ఉన్న గ్రూపు కోసం వెతుకుతూ కూర్చోకండి. చాలామందికి కీమో 21 రోజులకోసారి పడుతుంది కాబట్టి ఒకే రోజు వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ అదే హాల్లో కలుస్తారు. అక్కడ సిస్టర్‌ను అడగండి, "ఇదే ఆపరేషన్ అయిపోయి బాగున్న వాళ్లెవరైనా చెకప్‌కు వస్తారా?" అని. వాళ్లకు అందరూ తెలుసు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేకు వెళ్తే ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ వాళ్లు ఎంతమందో కనిపిస్తారు. రైల్వే రాయితీ సంగతి నాకు అలాంటి పలకరింపుల్లోనే తెలిసింది. ఆసుపత్రిలో ఫారం మీద సంతకం చేయించుకుంటే క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఛార్జీ ఉండదు, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గుతుంది. కాజీపేట స్టేషన్లో ఎన్నోసార్లు పూర్తి టికెట్ కొన్నాక తెలిసింది నాకు.

నాకు ఇంకో కోపం ఉంది. మనకు ఊరూరా మహిళా సంఘాలున్నాయి. వారం వారం కూర్చుంటారు, ఎవరింట్లో ఏ కష్టముందో లోన్ కిస్తీ దగ్గరే తెలిసిపోతుంది. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి, ఆశ అక్కలు ఇళ్లకు వచ్చి పిలుస్తారు. అనుమానం ఉందని తేలిన రోజు నుంచి మాత్రం ఆమె ఒంటరి. ఆ మండలంలోనే ఈ జబ్బు దాటినామె ఒకరుంటారు, కానీ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. గ్రామైక్య సంఘంలో ఇష్టపడి చెప్పిన వాళ్ల పేర్లు రాసిపెట్టుకుంటే చాలు, దీనికి నిధులు కూడా అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. తోటి పేషెంట్లు ధైర్యం చెప్పాలి, చిట్కాలు చెప్పాలి, మందుల జోలికి పోకూడదు. "నాకు ఎర్ర మందు ఎక్కించారు, నీకెందుకు ఎక్కించలేదు" అన్న ఒక్క మాటతో కంటి మీద నిద్ర ఎగిరిపోతుంది. ఒక్కొక్కరి గడ్డ రకం వేరు, మందు వేరు. అలా పోల్చే మనిషి పక్కన మీ అక్కను కూర్చోనివ్వకండి. రాత్రిపూట మనసు మరీ బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

మీ అక్కను వెంటనే మాట్లాడమని బలవంతం చేయొద్దు. ముందు ఫోన్లో ఇదే జబ్బు దాటిన ఒకామె మాటలు వింటే చాలు. మీ అక్కకు ఆపరేషన్ అయిందా, కీమో ముందా, చికిత్స ఏ ఊళ్లో అన్నది కింద రాయండి. మా వాళ్లలో ఆ వైపు వెళ్లేవాళ్లను అడిగి చెప్తాను. జాకెట్టు సంచి కావాలంటే కొలతలు ఎలా తీసుకోవాలో కూడా రాస్తాను.