రాత్రి భోజనం మానేస్తే ఆయుష్షు పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 62. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను. తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతారని చదివి మూడు నెలలుగా రాత్రి భోజనం మానేశాను. 64 కిలోల నుంచి 57కి వచ్చాను. ఒక్కోసారి తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మందుల షాపులో చెబితే నీరసమని బలం మాత్రలు ఇచ్చారు. రాత్రి తిండి మానడం మంచిదా, పొద్దున టిఫిన్ మానడం మంచిదా?

సలహా: ఏ పూట మానాలన్న మాట పక్కన పెట్టండి. నన్ను కంగారు పెడుతున్నది మీ తెల్లవారుజాము చెమటలు. మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్నిబట్టి అది షుగర్ పడిపోవడం కావచ్చు. గ్లిమిపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. రాత్రి మాత్ర వేసుకుని అన్నం మానేస్తే నిద్రలోనే షుగర్ దిగిపోవచ్చు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. బీపీ మాత్రల్లో అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటివి గుండెదడ, వణుకు తెలియనివ్వవు. మీది ఏ మాత్రో రాయలేదు, చీటీ చూసుకోండి.

ఈ రాత్రి నుంచే భోజనం మొదలుపెట్టండి. చెమట పట్టినప్పుడు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. తేరుకున్నాక ఏదైనా తినండి, ఈ మాత్రతో పడిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. మీటర్ లేకపోతే ఆలోచించకుండా పంచదార తీసుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి.

మూడు నెలలుగా ఒక పూట తిండి మానేసిన సంగతి మీకు మందులు రాసే డాక్టరుకి తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. విజయవాడలో నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇదే చూస్తుంటాను. తిండి మార్చేస్తారు, పాత చీటీతో అవే మాత్రలు తెచ్చుకుంటారు, తేడా వస్తే షాపులో అడుగుతారు. షుగర్ మాత్ర మోతాదు తిండిని చూసి రాసేది. తిండి మారితే మోతాదూ మారాలి. అలాగని మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు, సగం చేయొద్దు. రేపే వెళ్లి కలవండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష)తో పాటు ఈసీజీ కూడా తీయించమని అడగండి, ఈ వయసులో షుగర్ ఉన్నవాళ్లకి చెమటలు గుండె వల్ల కూడా రావచ్చు. ఏడు కిలోలు తగ్గింది తిండి మానడం వల్లేనా అన్నదీ ఆయనే చూడాలి.

మీరు చదివినది అబద్ధమేమీ కాదు. 1935లోనే అమెరికాలో ఎలుకలకి తిండి తగ్గిస్తే ఎక్కువ కాలం బతికాయి. కోతుల మీద రెండు చోట్ల చేస్తే ఒకచోట ఆయుష్షు పెరిగింది, రెండో చోట పెరగలేదు. మనుషుల మీద క్యాలరీ (CALERIE) అనే అధ్యయనం రెండేళ్లు జరిగింది. తిండి పావు వంతు తగ్గించమంటే వాళ్లు తగ్గించగలిగింది సుమారు 12 శాతం. బీపీ, కొలెస్ట్రాల్ మెరుగుపడ్డాయి, ఎముకల సాంద్రత మాత్రం కొంత తగ్గింది. ఆయుష్షు పెరిగిందో లేదో రెండేళ్లలో తేలే విషయం కాదు. అందులో చేరినవాళ్లంతా 50 దాటనివాళ్లు, షుగర్ లేనివాళ్లు. ఆ ఫలితాన్ని మీకు అన్వయించలేను.

64 కిలోలు మీ ఎత్తుకి సరిపోయిన బరువే, తగ్గాల్సిన అవసరమే లేదు. అరవై దాటాక బరువు ఇలా దిగితే కొవ్వుతో పాటు కండా పోతుంది, కాలు జారితే నిలదొక్కుకోలేరు. తిండి తగ్గించాలనుకుంటే అన్నం కొద్దిగా తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి. బీపీ ఉంది కాబట్టి ఆవకాయ, గోంగూర పచ్చడి పేరుకి మాత్రమే వేసుకోండి. రాత్రి భోజనం ఎనిమిది లోపు, మితంగా చేయండి. టిఫిన్ కూడా మానొద్దు.

డాక్టరుని కలిసి మోతాదు సరిచేయించుకునే దాకా బండి నడపకండి. ఆస్పత్రికి కూడా ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి.