తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ కూడా లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు (కంపెనీలు సమాజం కోసం చేయాల్సిన ఖర్చుకు) పెట్టాలా?

అక్కర్లేదు, మామూలు యూనిట్లకు ఆ రూలే వర్తించదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ముందటి ఏడాది నికర లాభం 5 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు, వీటిలో ఏ ఒక్కటైనా అంత లేదా అంతకు మించి ఉన్న కంపెనీకే ఆ లెక్క. సొంత పేరుతోనో పార్ట్‌నర్‌షిప్‌తోనో నడిపేవాళ్లు దాని కిందికి రారు.

దాంతో ఇక ఏ బాధ్యతా లేదనుకుంటారు, పొరపాటంతా అక్కడే. బండ కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతి బురదనే తీసుకోండి. దాన్ని తొట్టెల్లో తేర్చి, వాగులోకి పోకుండా ఆపడం 1974 నీటి కాలుష్య చట్టం కింద చేయాల్సిన పని. లాభం రాలేదన్నా వినరు.

ఎర్రగుంట్ల వైపు ఉండే పెద్ద సిమెంట్ ఫ్యాక్టరీకైనా అంతే: చట్టం పెట్టమన్న దుమ్ము ఫిల్టర్ ఖర్చును సీఎస్‌ఆర్‌లో రాసుకోవడానికి లేదు. సీఎస్‌ఆర్ కింద బడికి గదులు కట్టించారా, సంతోషమే. దుమ్ము లెక్క మాత్రం వేరు.